పదమూడో సంచిలో వానపాములు

హాస్టల్, గది నంబరు పద్నాలుగు,
కిటికీ పక్క మంచం
ఫిబ్రవరి 11

మహా గౌరవనీయులైన బావగారికి,

బావమరిది వినయంగా రాయునది. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే పక్కింటివాళ్లు కూడా ఎవరి పక్షమో తేల్చుకోవాల్సి వస్తోంది కాబట్టి, ఇకమీదట ఏదున్నా కాగితం మీదే తిట్టుకోవాలని మా అక్క తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీకూ అందే ఉంటుంది. ఒకే ఇంట్లో ఉంటారు కదా. ఆ అదృష్టం మీది.

పోయిన నెల కుదిరిన రాజీని మరోసారి రాతలో పెడుతున్నాను. మొక్కజొన్న కోత అయ్యాక, అలవాటు ప్రకారం చొప్పంతా తగలబెట్టడానికి మీరు అగ్గిపెట్టె తీశారు. అక్క అది లాక్కుని పంచదార డబ్బాలో దాచింది. "మా తమ్ముడు మట్టి చదువే చదువుతున్నాడు, వాణ్ణడుగు" అంది. మీరు అడగలేదు. అయినా నేను చెప్పాను. దాంతో సగం పొలంలో చొప్ప కాల్చుకునే హక్కు మీకు దక్కింది. మిగతా సగంలో చొప్పని ముక్కలు కొట్టి మట్టిలో కలిపే హక్కు నాకు దక్కింది. రెండు సగాల్లోనూ క్యాబేజీ వేస్తారు. నా సగం ఓడిపోతే వచ్చే ఏడు పొలమంతా కాల్చేస్తారు, నేను నోరెత్తకూడదు.

ఈ పార్సిల్లో ఇరవై వల సంచులు ఉన్నాయి. ఒక్కోదాంట్లో సరిగ్గా ఇరవై గ్రాముల ఎండు చొప్ప. పది సంచులకి పెద్ద కన్నాలు, వానపాము దర్జాగా దూరిపోవచ్చు. పది సంచులకి సన్న కన్నాలు, బాక్టీరియా, దాని దగ్గరి బంధువులు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. నా సగంలో జానెడు లోతున పాతిపెట్టి, మూడు నెలలయ్యాక తీసి, కడిగి, ఎండబెట్టి తూస్తే చొప్పని ఎవరెంత తిన్నారో తేలుతుంది. నా పట్టా ఆ సంచుల్లోనే ఉంది, జాగ్రత్త.

ఒక విన్నపం. సంచులు అక్కే పాతాలి. వారం వారం సంగతులు అక్కే రాయాలి. లోకంలో పొలాలకి కొదవ లేదు. మీ పొలాన్నే ఎంచుకున్నది మీ ముఖం చూసి కాదు.

ఇట్లు,
బావమరిది


పొలం షెడ్డు, ఎరువు బస్తా మీద కూర్చుని
ఫిబ్రవరి 20

ఒరేయ్ బావమరిదీ,

సంచులు పాతడం అయింది. పాతింది నేనే. మీ అక్క పొద్దున ఎనిమిదింటికి బడికెళ్లి అరవైమందికి లెక్కలు చెప్పి వచ్చేసరికి, తనకి గొంతు కూడా మిగలడం లేదు. దొరికే ఒక్క ఆదివారం కూడా పార పట్టుకుని నీ సంచులకి గోతులు తవ్వమంటావా?

గుర్తు పెట్టుకో. షెడ్డు దగ్గర నిలబడి చూస్తే ఎడమ వరస పదీ పెద్ద కన్నాలవి, కుడి వరస పదీ సన్న కన్నాలవి. ఒక్కోదాని దగ్గర ఒక్కో పుల్ల గుచ్చాను.

ఇంకో మాట కూడా చెప్పనీ, చాలారోజులుగా గొంతులో ఉంది. పెళ్లయి పదిహేను నెలలైంది. "మా తమ్ముడు" అన్న మాట వినకుండా ఒక్క పూటైనా భోజనం చెయ్యలేదు నేను. "మా తమ్ముడైతే గిన్నె ఊడ్చి తినేవాడు." "మా తమ్ముడైతే ఈ జోకుకి నవ్వేవాడు." మొన్న వంటింట్లో కుళాయి కారుతుంటే మూడు గంటలు కూర్చుని బాగుచేశాను. చూసి, "చిన్నప్పుడు మా తమ్ముడు సరిగ్గా ఇలాంటి కుళాయే విరగ్గొట్టాడు" అని మురిసిపోయింది. బాగుచేసినవాడు ఎదురుగా చొక్కా తడుపుకుని నిలబడి ఉంటే, విరగ్గొట్టినవాణ్ణి తలుచుకుని మురిసిపోవడమేమిట్రా?

బావ


హాస్టల్, అదే మంచం
మార్చి 6

బావగారికి,

ఉత్తరం అందింది. దస్తూరీ మీదే కాబట్టి చదవడానికి రెండు రోజులు పట్టింది.

చొప్ప దానంతటదే ఎలా మాయమవుతుందని కవరు వెనక చిన్న అక్షరాలతో అడిగారు. అడగడానికి నామోషీ పడ్డారని అర్థమైంది, కాబట్టి నేనూ మర్యాదగా చెబుతాను. బాక్టీరియాకి నోరు లేదు. చొప్పకి అతుక్కుని, ఒంట్లోంచి ఒక రసం వదిలి, బయటే కరిగించి, ఆ కరిగినదాన్ని పీల్చుకుంటుంది. పాపం చాలా నెమ్మది పని. వానపాముకి పళ్లు లేవు. చొప్ప ముక్కని బొరియలోకి ఈడ్చుకెళ్లి, నాననిచ్చి, ఇసుక రేణువులతో కలిపి మింగి, కడుపులో నూరుతుంది. బయటికి వచ్చేది మెత్తటి ముద్ద. దాని మీద మళ్లీ బాక్టీరియా పంక్తి కూర్చుంటుంది.

ఇందులో అన్యాయం గమనించారా? పొలంలో వానపాము కనబడితే అందరూ "ఆహా" అంటారు. చెంచాడు మట్టిలో కోట్లకొద్దీ ఉండి, మొదట్నుంచీ చాకిరీ చేస్తున్న బాక్టీరియాని పలకరించే దిక్కు లేదు. నిన్న మొన్న వచ్చినవాడికి కుర్చీ. ఇరవై మూడేళ్లుగా ఉన్నవాడికి పీట కూడా లేదు. నేను ఎవరి గురించీ అనడం లేదు. శాస్త్రం చెబుతున్నాను.

అక్క రెండు వాక్యాలు రాస్తే చెయ్యి అరిగిపోతుందా? నా జుట్టు చెవుల మీదికి వచ్చింది. పెళ్లికి ముందు నెలకోసారి అక్కే కత్తిరించేది. ఇక్కడి సెలూనువాడు నా తలని తలలా చూడడం లేదు, కంచెలా చూస్తున్నాడు. ఈ పేరా అక్కకి చదివి వినిపించండి.

బావమరిది


పొలం షెడ్డు
ఏప్రిల్ 2

బావమరిదీ,

శుభవార్త. నీకు కాదు, నాకు.

నా సగంలో క్యాబేజీ మొక్కలు ముదురు రంగులో నవనవలాడుతున్నాయి. నీ సగం కామెర్లు వచ్చిన మనిషిలా పసుపెక్కింది. గట్టు మీద నిలబడి చూస్తే మధ్యలో గీత గీసినట్టు కనబడుతోంది. మీ అక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ గీత మీద నిలబెట్టాను.

"చూశావా?" అన్నాను.

"చూశాను."

"ఇప్పుడేమంటావు?"

"మా తమ్ముడికి రాయి. వాడికి కారణం తెలిసే ఉంటుంది."

చేతిలో పార ఉంది. దాన్ని నేలకేసి కొట్టి వచ్చేశాను. పైరు పసుపెక్కినా నీ మీద నమ్మకం మాత్రం పచ్చగానే ఉంది. ఆ నమ్మకంలో పిడికెడు నా మీద చల్లమను, నేనూ ఏపుగా పెరుగుతాను.

కొత్త అగ్గిపెట్టె కొన్నాను. ఇంకా గీయలేదు.

బావ


హాస్టల్
ఏప్రిల్ 8

బావగారికి,

గీయకండి!

కారణం నాకు తెలుసు. చొప్పలో నత్రజని బహు తక్కువ. బాక్టీరియా వంశం పెరగాలంటే అది కావాలి. చొప్పలో దొరకనిదాన్ని చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటుంది. లేత మొక్క ఆకలితో పసుపెక్కుతుంది. కానీ లాక్కున్నది ఎక్కడికీ పోదు. బాక్టీరియా చచ్చి కుళ్లినప్పుడో, వానపాము దాన్ని మింగి బయటికి వదిలినప్పుడో మళ్లీ మొక్కకే చేరుతుంది. సంచుల వరసలు వదిలి మిగతా చోట కొంచెం పశువుల ఎరువు వేయండి. నెల రోజులు ఓపిక పట్టండి.

చొప్ప కలిపిన వెంటనే నారు వేయకూడదని, కొన్ని వారాలు ఆగాలని మీకు ముందే చెప్పి ఉండాల్సింది. మరిచిపోయాను. ఈ ఒక్క వాక్యం అక్కకి చదవద్దు.

ఆదివారం వస్తున్నాను. ఇది కూడా చదవద్దు. తలుపు తీసి నన్ను చూడగానే అక్క ముఖం ఎలా ఉంటుందో నేను చూడాలి.

బావమరిది


ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ 20

బావమరిదీ,

వచ్చావు, తిన్నావు, వెళ్లావు. మధ్యలో పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. నీ నోటికి తాళం పడటం నేను ఇంతవరకూ చూడలేదు. "పొలం చూసొస్తా" అని పోయి, వానకి తడిసిన నేలలో గంటసేపు ఏం చేశావో, మోకాళ్లదాకా బురదతో వచ్చావు. కాళ్లు కడుక్కోగానే బస్సన్నావు. వాడికి ఒంట్లో బాలేదేమోనని మీ అక్క వారం రోజులుగా నా ప్రాణం తీస్తోంది.

నీ సూదులడబ్బా పొలం అవతలి గట్టు మీద దొరికింది. పొలానికి సూదీ దారం దేనికిరా?

బావ


హాస్టల్
ఏప్రిల్ 27

బావగారికి,

గుండీ ఊడింది. అందుకు.

ఒంట్లో బాగానే ఉంది. జుట్టే కొంచెం ఎక్కువైంది. మే ఇరవైకి ముందు సంచులు తవ్వకండి.

బావమరిది


ఇల్లు, వరండా
మే 22

బావమరిదీ,

ముందు నాకు చెడ్డవార్త. నీ సగం పచ్చబడింది. పచ్చబడటమే కాదు, గడ్డలు నా వాటికన్నా బరువుగా ఉన్నాయి. మొన్నటి పెద్ద వానకి నా సగంలో నీళ్లు నిలబడి, ఎండాక పైన అప్పడంలా పొర కట్టింది. నీ సగం ఆ నీళ్లన్నీ గుటకవేసి ఇంకా ఉన్నాయా అన్నట్టు చూసింది. మట్టి చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలుతోంది. ఇదంతా రాయమని ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు.

సంచులు తీశాం. మీ అక్క బడి నుంచి చిన్న త్రాసు తెచ్చి తనే తూచింది. పెద్ద కన్నాల వాటిల్లో తొమ్మిది గ్రాములు, అటూ ఇటూగా మిగిలింది. సన్న కన్నాల వాటిల్లో పదమూడు గ్రాములు. ఒక్కటి తప్ప.

తీసిన వరసలో పదమూడో నంబరు. సన్న కన్నాలది. ఐదే గ్రాములు. విప్పితే లోపల పుష్టిగా పదకొండు వానపాములు! ఆవగింజ పట్టని కన్నాల్లోంచి ఇవెలా దూరాయిరా? పాములు కదా అని మంత్రం వేసి పిలిచావా?

మీ అక్క ఆ ఖాళీ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. మిగతా పంతొమ్మిదీ నీకు పార్సిల్ చేసి, దాన్ని మాత్రం తన బీరువాలో పెట్టుకుంది.

బావ


హాస్టల్
మే 28

బావగారికి,

పదమూడో సంచి గురించి లోతుగా ఆలోచించాను. వానపాములు మట్టిలో గుడ్లు పెడతాయి. అతి చిన్న గుడ్డు ఒకటి ఎలాగో లోపలికి జారి, పొదిగి, సకుటుంబంగా స్థిరపడి ఉండొచ్చు. శాస్త్రంలో ఇలాంటివి జరుగుతుంటాయి.

అలా కాకపోతే ఇంకొకటే దారి ఉంది. ఎవరో చేత్తో విప్పి లోపల వేసి ఉండాలి. నా పరీక్ష చెడిపోతే ఎవరికి లాభమో, చొప్ప చూస్తే ఎవరి చెయ్యి అగ్గిపెట్టె మీదికి పోతుందో, మూడు నెలలుగా ఆ సంచుల పక్కనే ఎవరున్నారో నేను చెప్పను. ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

బావమరిది


ఇల్లు
జూన్ 3

అబ్బాయీ,

నీ సగం గెలిచిందని నీకు రాసింది నేను. మోసం చేసేవాణ్ణయితే ఆ మాట రాస్తానా?

ఉత్తరం మీ అక్కకి ఇచ్చాను. గుడ్ల దగ్గర నవ్వింది. రెండో పేరా దగ్గర నవ్వు ఆగిపోయింది. కాగితం మడిచి, "వాడికి ఇంకో ఉత్తరం రాసే వీలివ్వు" అంది.

ఇస్తున్నాను.


హాస్టల్, గది నంబరు పద్నాలుగు
జూన్ 8

బావా,

మీరు "బావ" అని సంతకం పెట్టకుండా రాసిన మొదటి ఉత్తరం అది. కవరు అటూ ఇటూ చింపి వెతికాను, ఎక్కడైనా ఉందేమోనని.

పదమూడో సంచిలో వానపాములు వేసింది నేనే.

ఆ ఆదివారం నేను మీ ఇంటి తలుపు కొట్టలేదు. పెరటి వైపు నవ్వులు వినిపిస్తే అటు వచ్చాను. మీరు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు, మెడ చుట్టూ తువ్వాలు. అక్క మీ జుట్టు కత్తిరిస్తోంది. అదే కత్తెర, పిడికి నీలం దారం చుట్టినది. ఆ దారం చుట్టింది నేను, తొమ్మిదో తరగతిలో. మీరేదో అన్నారు, అక్క కత్తెర పైకెత్తి పట్టుకుని, ఒంగిపోయి నవ్వింది. "కదలకు, చెవి తెగుద్ది" అంది. ఆ మాట నాది, బావా. ఆ మాట నా చెవికి చెప్పాల్సినది. నా చెవి రెండుసార్లు తెగింది కూడా.

తర్వాత మీరిద్దరూ నన్ను చూసి సంబరపడ్డారు. భోజనం పెట్టారు. "జుట్టేంట్రా అలా పెరిగింది, కూర్చో" అని అక్క అంది కూడా. వద్దన్నాను. మీ జుట్టు ఇంకా పెరట్లో నేల మీద ఉంది. ఆ పీట మీద రెండోవాడిగా కూర్చోవడం నా వల్ల కాలేదు.

పొలానికి వెళ్లాను. నా సగం పసుపుగా ఉంది. మీ సగం నవనవలాడుతోంది. మీకు పీటా ఉంది, పైరూ ఉంది, అక్కా ఉంది. ఒక్క చొప్పైనా నన్ను గెలిపించాలనిపించింది. పెద్ద కన్నాల సంచిలో నాలుగు పాములు ఎక్కువ వేస్తే అది త్వరగా ఖాళీ అవుతుంది, మీరు నోరు మూసుకుంటారు, అక్క మళ్లీ "మా తమ్ముడు" అంటుంది. అదీ నా పథకం. ఆ మాట పూట పూటా అంటూనే ఉందని మీరు రాసినా నాకు చాల్లేదు.

షెడ్డు నుంచి కనబడకూడదని అవతలి గట్టు నుంచి దొంగలా దిగాను. అటు నుంచి చూస్తే మీ ఎడమ నాకు కుడి. ఆ సంగతి తట్టలేదు. బురదకి కన్నాలన్నీ పూడిపోయి ఏ సంచి చూసినా ఒకేలా ఉంది. కుట్టు విప్పి, పదకొండు పాములు వేసి, మళ్లీ కుట్టేశాను. పెద్ద కన్నాలదే అయ్యుంటే అవి ఆ రోజే బయటికి పోయేవి. మట్టి శాస్త్రం ఐదేళ్లు చదివినవాడికి ఆ మాత్రం తోచలేదు. కడుపు మండుతున్నప్పుడు చదువు ముందుగా కాలుతుందనుకుంటా.

అంతటితో ఆగకుండా, తప్పు మీ మీదికి తోశాను. సంచి పాతినవారు మీరు, వానకీ ఎండకీ కాపలా కాసినవారు మీరు. మిమ్మల్నే దొంగని చేశాను. జోకు వేద్దామని చూస్తున్నాను, దొరకడం లేదు.

నిన్న మా గైడ్ మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఈ లెక్క మీద నేను సంతకం పెట్టను. వచ్చే పంటకి మళ్లీ ఇరవై పాతు" అన్నారు. అంటే పట్టా ఇంకో ఆరు నెలలు ఆలస్యం. మీ పొలంలో పాతనిస్తారా అని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను. కాల్చేస్తానంటే కూడా నోరెత్తను. రాజీలో అలాగే ఉంది.

అక్కకి ఈ ఉత్తరం మొత్తం చదవండి. ఈసారి ఏ వాక్యమూ దాచవద్దు.

మీ బావమరిది


ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 16

ఒరేయ్ బావమరిదీ,

మీ అక్కకి కొత్తగా చదవడానికేమీ లేదు. సంచి చేతిలోకి తీసుకున్న రోజునే తెలుసట.

ఉత్తరం అయ్యాక బీరువాలోంచి పదమూడో సంచి తీసుకొచ్చి నా ముందు పెట్టింది. కుట్టు చివర ముడి చూపించింది. మూడు చుట్లు, మధ్యలోంచి ఒకసారి వెనక్కి, ఆ పైన చిన్న అడ్డకుట్టు. "మా అమ్మ డ్యూటీకి పోతే వాడి గుండీలు నేనే కుట్టేదాన్ని. ఈ ముడి నేనే కనిపెట్టి వాడికి నేర్పాను. లోకంలో ఇద్దరికే వచ్చు" అంది.

"మరి తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"వాడు చెప్పాలి కదా" అంది.

నేను లేచి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. నా చొక్కాకి ఏడు గుండీలు. ఏడింటికీ అదే ముడి. పంతొమ్మిది నెలలుగా అది నా ఒక్కడికే అనుకుంటున్నాను రా! నువ్వు ఒక పీట చూసి ఏడ్చావు. నేను ఒంటి మీద ఏడు చోట్ల నిన్ను మోసుకు తిరుగుతున్నాను. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవర్ని చూసి కుళ్లుకోవాలి?

దొంగ అన్నందుకు కోపం ఉంది. వారం ఉంటుంది, తర్వాత చూద్దాం.

పొలం సంగతి. ఈసారి నా సగంలో కూడా క్యాబేజీ ఆకులు, మోళ్లు అన్నీ మట్టిలోనే కలిపాను. నీ మీద ప్రేమతో కాదు, ఆ అప్పడం పొర చూడలేక. మూడు వారాలు ఆగాకే విత్తనం వేస్తాను. ఆగాలని చెప్పడం నువ్వు మరిచిన సంగతి మీ అక్కకి ఆ రోజే చదివేశాను. నేను కూడా మనిషినే. మీ అక్క అగ్గిపెట్టెని పంచదార డబ్బాలోంచి తీసి పొయ్యి పక్కన పెట్టింది. ఇక దాచక్కర్లేదట.

ఆదివారం రా. పీట పెరట్లోనే ఉంది. "ముందు వాడి తల, తర్వాతే నీది" అని మీ అక్క వరస ప్రకటించింది. ఇన్నాళ్లూ ముందు నాదే. సరే, ఒక్కసారికి ఒప్పుకున్నాను. చెవి తెగితే నాకు సంబంధం లేదు.

కొత్త సంచులకి వల తెప్పించాను. నీ మీద నమ్మకం లేక ఈసారి నేనే కుడుతున్నాను. ఆ ముడి కూడా నేర్పించుకున్నాను. లోకంలో ఇప్పుడు ముగ్గురికి వచ్చు. మూడు సాయంత్రాలు కూర్చుని, వేళ్లు పొడుచుకుని, మొదటి సంచి పూర్తిచేసి మీ అక్క చేతిలో పెట్టాను. వెలుతురుకి పట్టి చూసింది. పక్కన పదమూడో సంచి పెట్టుకుని రెండూ పోల్చింది.

"మా తమ్ముడి కుట్టు ఇంతకన్నా నీటుగా ఉంటుంది" అంది.

దొంగతనంగా, బురదలో, గట్టు చాటున కుట్టినది నాదానికన్నా నీటుగా ఉందట!

కడుపు మండిపోయింది. అగ్గిపెట్టె చేతికందేంత దూరంలోనే ఉంది.

గీసి, టీ పెట్టుకుని తాగాను.

మీ అక్క మొగుడు,
బావ